తెల్లమూత డబ్బా

మా ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే చెప్పే మాట ఒకటుంది: జబ్బులేని కండ కావాలంటే వియ్యాలవారి వైపు వెతుక్కోండి.

మా సాగ్నే లోయలో సొంత రక్తాన్ని నమ్మడానికి లేదు మరి. ఈ నది పొడవునా ఉన్నవాళ్లమంతా ఎప్పుడో పడవలెక్కి వచ్చిన కొద్దిపాటి కుటుంబాల సంతానం. వాళ్లతోపాటు ఇంటిపేర్లు వచ్చాయి, సూప్‌లో వేసే లావుపాటి చిక్కుడుగింజలు వచ్చాయి, కండలు కరిగించే ఈ జబ్బూ వచ్చింది. దీని చోద్యమేమిటంటే, బిగించిన పిడికిలి వెంటనే విడిపోదు. తలుపు పిడి పట్టుకున్న చెయ్యి కాసేపు తలుపుతోనే ఉండిపోతుంది. తాతకు కళ్లలో శుక్లాలు తప్ప మరేమీ కనిపించవు. కొడుక్కి చేతులు పట్టేస్తాయి. మనవరాలు నలభై ఏళ్లకే మెట్ల ముందు నిలబడి ఆలోచిస్తుంది. ఆ మనవరాలి కడుపున పుట్టిన బిడ్డ ఊపిరి తీసుకోవడానికే అల్లాడిపోవచ్చు. తరం దిగేకొద్దీ ముదురుతుంది, తల్లి నుంచి దిగితే మరీను.

అందుకని పోలిక చూడడానికి జబ్బులేని కండ కావలసి వచ్చినప్పుడు రోగుల అన్నల్నీ అక్కల్నీ మేం అడగం. ల్యాబులో పనిచేసేవాళ్లం మా మా ఇళ్లకు వెళ్లి బావల్నీ, మరదళ్లనీ, తోడికోడళ్లనీ బతిమాలుకుంటాం. తొడలో సూది గుచ్చి బఠాణీ గింజంత కండ తీయించుకోవడానికి ముక్కూమొహం తెలియనివాడు ఎందుకొస్తాడు? చుట్టరికం మొహమాటంతోనే వస్తారు. అలా నేను మా తమ్ముడి భార్యను తీసుకొచ్చాను.

నా పేరు ఒడీల్ క్లవో. జోంకియేర్‌లో ఆస్పత్రి వెనక ఉన్న కండరాల ల్యాబులో పని. తొడలోంచి తీసిన ముక్కను అప్పటికప్పుడు గడ్డకట్టించి, ఉల్లిపొరకన్నా పలచగా కోసి, రంగులు పట్టించి, మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తాను. మా పెద్ద, డాక్టర్ ఫెర్నాండ్ ఆర్వే, పట్టుకున్న ప్రశ్న వినడానికి చిన్నదే. కరిగిపోతున్న కండ చేత బరువులు మోయిస్తే అది పెరుగుతుందా, లేక ఇంకా త్వరగా చితికిపోతుందా? మా పెద్దవాళ్లకు డాక్టర్లు ఎప్పుడూ ఒకటే చెప్పేవారు, కదలకుండా కూర్చోమని. కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే పోయారు. డాక్టర్ ఆర్వే వాళ్లను లేపి కాళ్లకు బరువులు కట్టించింది.

మొదటి జట్టులో రోజేర్ అని రిటైరైన బస్సు డ్రైవరు ఉండేవాడు. వచ్చినప్పుడల్లా నాకు చెయ్యిచ్చి, అది విడిపోక, "నన్నేం చెయ్యమంటావు తల్లీ, నా చేతికి నువ్వు నచ్చావు," అనేవాడు. చలికాలం దాటేసరికి అతని తొడ ముక్కలో పోగులు లావెక్కాయి. నా కళ్లతో నేను చూశాను. జబ్బు పోలేదు, జబ్బుతోనే కండ పెరిగింది. ఆ రోజు డాక్టర్ ఆర్వే, మామూలుగా ఎవరి భుజమూ తట్టని మనిషి, నా భుజం తట్టింది. అతని కండ పెరిగిందని చెప్పాలంటే జబ్బులేని మనిషి కండ పక్కన పెట్టి చూపించాలి కదా. ఫ్రీజర్లో రెండు డబ్బాలుండేవి. నీలంమూత డబ్బా రోగులది. తెల్లమూతది ఆరోగ్యవంతులది. ఆ తెల్లమూత డబ్బా ఎప్పుడూ సగం ఖాళీయే.

మోద్ మా తమ్ముడు క్లెమాన్‌ను చేసుకుని నాలుగేళ్లయింది. బడిలో చిన్నపిల్లలకు పాటలు నేర్పుతుంది. వాళ్ల నాన్న గాస్పే తీరం మనిషి, చేపల పడవలవాడు. అంటే మా లోయవాడు కాడు. తల్లి ఇక్కడిదే కానీ ఎప్పుడో పోయింది, గుండెజబ్బుతో అన్నారు, కండల జబ్బు మాటే రాలేదు. ల్యాబు లెక్కలో ఇంతకన్నా మంచి మరదలు దొరకదు.

సెప్టెంబరులో తొడ ముక్క ఇవ్వడానికి వచ్చినప్పుడు మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ సంతకం పెట్టింది. ఫలితాలు మీకు చెప్పాలా వద్దా అని నర్సు అడిగితే, "నా గురించి నాకేం చెప్పొద్దు బాబూ, నాతో నేను పడుతున్నది చాలు," అంది. అందరం నవ్వాం. నేనే గట్టిగా నవ్వాను.

అక్టోబరులో ఆ ముక్క నా మైక్రోస్కోప్ కిందికి వచ్చింది. మేం పట్టించే రంగులో కణాల నడిమి గుండ్లు, అంటే కేంద్రకాలు, నీలంగా కనబడతాయి. జబ్బుంటే ఆ నీలంలో ఎర్రటి చుక్కలు ఉంటాయి, లేకపోతే ఉండవు. ఇందులో అటూ ఇటూ లేదు. తెల్లమూత డబ్బాలోంచి తీసిన ఆ ముక్కలో ప్రతి నీలం గుండులోనూ ఎర్రచుక్కలున్నాయి.

డాక్టర్ ఆర్వేని పిలిచాను. ఆమె చాలాసేపు కన్ను తీయకుండా చూసింది.

"ఏ డబ్బాలోది?"

"తెల్లమూతది."

"రంగు పాతబడి ఉంటుంది. కొత్తది కలిపి మళ్లీ చెయ్యి. పక్కన ఇంకో రెండు పెట్టి చెయ్యి."

మళ్లీ చేశాను. పక్కన పెట్టిన ఆరోగ్యవంతుడి ముక్క శుభ్రంగా ఉంది. రోగి ముక్కలో చుక్కలున్నాయి. ఈ ముక్కలోనూ ఉన్నాయి.

"ఎవరిదో తెలుసా నీకు?" అంది డాక్టర్ ఆర్వే తలుపు మూసి.

"డబ్బా మీద నంబరే ఉందండీ."

"నేనడిగింది నంబరు గురించి కాదు."

ఆ ముక్క తీసిన వారం తెల్లమూత డబ్బాకు సూది వేయించుకున్నది మోద్ ఒక్కతే. గడ్డకట్టించింది నేనే. తల ఊపాను.

"సరే. నీ తప్పేం లేదు. ఇంత చిన్న ఊళ్లో నంబర్లు ఎవర్ని దాస్తాయి," అంది.

"చెప్పాలి కదండీ. పిల్లల్ని కనాల్సిన వయసు దానిది."

"చెప్పొద్దంది."

"సరదాకి అంది. మేమంతా నవ్వాం కూడా."

"సరదాకి అందో, భయపడి అందో నీకెలా తెలుసు? తెలుసుకోకుండా ఉండే హక్కు ఆమెది. క్లినిక్ అదే వీధిలో ఉంది. ఎవరైనా వెళ్లొచ్చు, పైసా ఖర్చు లేదు. ఆమె వెళ్లలేదంటే వెళ్లకూడదనుకుందనే మనం అనుకోవాలి."

"అయితే అడుగుదాం. ఇప్పుడైనా తెలుసుకోవాలనుందా అని."

"తననొక్కదాన్నే అడిగితే అడగడమే చెప్పడం అవుతుంది. తెల్లమూత డబ్బాలో ఉన్నవాళ్లందర్నీ అడిగితే ఎవరికో ఏదో దొరికిందని సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది. ప్రతివాడూ తన తొడ తడుముకుంటాడు. రేపట్నుంచి ఒక్కరు రారు. అప్పుడు రోజేర్ లాంటివాళ్ల గతేంటి?" అంది. "ఇలాంటివి తేల్చే పైవాళ్ల కమిటీకి రాస్తాను. వాళ్లు ఒప్పుకుంటే నేనే వెళ్లి చెప్తా. అందాకా నీ నోరు జాగ్రత్త. నోరే కాదు, నీ మొహం కూడా. నీ సంగతి నాకు తెలుసు. నువ్వు చెప్పకపోయినా నీ మొహం చెప్పేస్తుంది. అదీ చెప్పడమే."

ఆమె అన్నది అబద్ధం కాదు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ పుట్టినరోజుకీ పండగకీ అందరి ముందూ అంటుంది. క్లెమాన్ చిన్నప్పుడు స్కూలు ఎగ్గొట్టి గడ్డకట్టిన నది మీద చేపలు పట్టడానికి పోతే, ఒట్టు వేయించుకుని మరీ నాకు చెప్పాడు. నేనేమీ అనలేదు. అన్నం తినేటప్పుడు నా మొహం చూసి మా అమ్మ వాణ్ని పట్టుకుంది.

ఇక నా ఆదివారాలు మొదలయ్యాయి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా అమ్మ ఇంట్లో చిక్కుడుగింజల సూప్. నేను, క్లెమాన్, మోద్, మా అమ్మ. ఎవరు మానినా అమ్మ ఊరుకోదు. నేను మానేస్తే ఎందుకు మానానో అని లేనిపోని ఆరాలు. వెళ్తే ఎదురుగా మోద్. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మొదటి ఆదివారం స్నానాలగదిలో అద్దం ముందు నిలబడి నవ్వడం సాధన చేసి మరీ బయల్దేరాను. సిగ్గుగా లేదు చెప్పడానికి. నాకు కోపంగా ఉండేది, అది ఎవరి మీదో తెలిసేది కాదు. మోద్ మీదనా, ఆ సంతకం మీదనా, లేక చెప్పింది సబబుగా ఉన్నందుకు డాక్టర్ ఆర్వే మీదనా?

"ఒడీల్ ఈమధ్య భలే మంచిదైపోయిందమ్మా," అన్నాడు క్లెమాన్ ఒక ఆదివారం. "నా మీద ఒక్క చాడీ చెప్పలేదు ఈ నెల్లో."

"ముసలిదైపోతున్నాను రా, ఓపిక లేదు," అన్నాను.

"నీ నోటికి ముసలితనమా? ముందు చెవులు పోతాయి, కళ్లు పోతాయి, నోరు మాత్రం చర్చి వెనక పాతిపెట్టేదాకా ఆడుతుంది," అన్నాడు వాడు. అమ్మ నవ్వింది. మోద్ నావైపు చూసి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వు బాగా కుదిరింది. నా మీద నాకే గర్వంగా అనిపించింది, అంత కష్టంలోనూ.

ఆ రోజుల్లో మోద్ నన్ను కాస్త ఎక్కువగానే పట్టించుకునేది. సూప్ మొదట నాకే పోసేది. పక్కనే కూర్చునేది. పని ఎలా ఉందని అడిగేది. ఇంతకుముందు ల్యాబు కబుర్లు ఎత్తితే, "అన్నం దగ్గర తొడల గోల ఏంటే," అనేది. ఇప్పుడు తనే ఎత్తేది. మంచి పిల్ల, నా మనసు బాగాలేదని పసిగట్టింది కాబోలు అనుకున్నాను.

చెప్పకుండా చెప్పే దారులు కూడా వెతికాను. క్లినిక్ వాళ్లు పంచే కరపత్రం ఒకటి తెచ్చి మా అమ్మ ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అతికించాను. లోయలో ఉన్నవాళ్లంతా పెళ్లికి ముందో పిల్లలకు ముందో రక్తపరీక్ష చేయించుకోండని అందులో ఉంటుంది.

"ఇదేంటి, ఇల్లు ఆస్పత్రి చేస్తావా?" అంది అమ్మ.

"అందరం చేయించుకుందాం ఒకసారి. నా వెంట రండి, నేను తీసుకెళ్తా. వచ్చేటప్పుడు అందరికీ నా ఖర్చుతో పుతిన్," అన్నాను. పుతిన్ అంటే బంగాళాదుంప వేపుళ్ల మీద గ్రేవీ, చీజు. దానికోసం క్లెమాన్ నరకానికైనా వస్తాడు.

"మన వైపు లేదని నువ్వే కదా చెప్పావు, పోయినేడు నీకూ నాకూ చేయించి," అన్నాడు వాడు. "మోద్ వైపు సముద్రం వాళ్లు. వాళ్లకి జబ్బులేం ఉంటాయి, ఉప్పులో ఊరినవాళ్లు."

మోద్ ఆ కరపత్రం వైపు చూడలేదు. నా వైపే చూస్తోంది. నేను గబుక్కున, "సరేలే, పుతిన్ డబ్బులు మిగిలాయి నాకు," అని నవ్వేశాను. రక్తపరీక్ష మాట ఎత్తినందుకే డాక్టర్ ఆర్వే పక్కనే నిలబడి విన్నట్టు భయం వేసింది. ఇంతకన్నా గట్టిగా అంటే చెప్పినట్టే. తేలు కుట్టిన దొంగలా కూర్చుని సూప్ తాగాను.

నవంబరు చివర ఒకరోజు మోద్ కారు మొరాయించింది. బడి దగ్గర్నుంచి నేనే ఎక్కించుకున్నాను. మంచు పడుతోంది. అద్దం తుడిచే పుల్లలు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. కారులో ఇద్దరమే, తలుపులు వేసి ఉన్నాయి, ఎటూ పోవడానికి లేదు.

"నా ముక్క ఏం చేశారే?" అంది ఉన్నట్టుండి.

"ఏ ముక్క?"

"నా తొడ ముక్క. పారేశారా, ఉంచారా?"

ఆ క్షణాన నేనేం చెయ్యాలి? ఒక్క లిప్త ఆలస్యమైతే కనిపెట్టేస్తుంది. "ఉంచకేం, బ్రహ్మాండమైన ముక్క. వెన్నలా తెగింది. అందరూ నీలాంటి తొడే తెస్తే నా పని సుఖం," అని పకపకా నవ్వాను.

మోద్ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కాసేపటికి తనూ నవ్వింది. బడిపిల్లలు క్రిస్మస్ పాట ఎలా ఖూనీ చేస్తున్నారో ఇంటిదాకా చెబుతూనే ఉంది. దిగేటప్పుడు నా బుగ్గల మీద రెండువైపులా గట్టిగా ముద్దు పెట్టుకుంది. ఆమె తలుపు వేశాక నేను స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను.

జనవరిలో కమిటీ జవాబు వచ్చింది. ఆమె చెప్పొద్దని స్పష్టంగా చెప్పింది గనుక చెప్పకూడదు. ఆమె తనంతట తాను అడిగితే అప్పుడు చెప్పవచ్చు. ఆ ముక్కను లెక్కలోంచి తీసేయండి, కారణం రాయనక్కర్లేదు. డాక్టర్ ఆర్వే ఆ కాగితం నాకు చదివి వినిపించి, కళ్లజోడు తీసి, కళ్లు నలుపుకుంది. "నేను పోరాడానే," అంది. మొదటిసారి నన్ను 'ఏమే' అన్నట్టుగా మాట్లాడింది. తెల్లమూత డబ్బాలోంచి ఆ ముక్క ఉన్న గొట్టం తీసి విడిగా పెట్టాను. అలాంటిదాన్ని పెట్టడానికి మా దగ్గర మూడో డబ్బా లేదు.

ఫిబ్రవరి మొదట్లో ఒక ఆదివారం అమ్మ సూప్‌తో పాటు తుర్తియేర్ కూడా చేసింది. పెద్ద మూకుడులో మాంసం, బంగాళాదుంపలు, పైన పిండి మూత. పండగ కాదు, పబ్బం కాదు. ఎందుకమ్మా ఇవ్వాళ అంటే, క్లెమాన్‌ని అడగమంది. వాడు లేచి నిలబడ్డాడు. అల్యూమినియం కొలిమి దగ్గర పనిచేసి పనిచేసి మొహం ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంది వాడికి, ఆ రోజు చెవులు కూడా ఎర్రబడ్డాయి.

"ఆగస్టులో ఇంకో క్లవో వస్తున్నాడు," అన్నాడు. "లేక వస్తోంది. మోద్ ఆడపిల్ల అంటోంది. ఎవరైనా సరే, ఒడీల్ లాగా వాగకూడదు. అదొక్కటే మొక్కు."

అమ్మ లేచి మోద్‌ని కావలించుకుంది. గ్లాసులు తగిలించారు. నేనూ లేచాను, నేనూ కావలించుకున్నాను. ఏవో మాటలన్నాను కూడా. ఏమన్నానో నాకు తెలియదు. నెలల తరబడి చేసిన సాధన, మొహం దానంతటదే నవ్వింది. లోపల మాత్రం ఆ నీలం గుండ్లు, వాటిలో ఎర్రచుక్కలు, తల్లి నుంచి దిగితే మరీ ముదురుతుందన్న మాట. ఆస్పత్రిలో పుట్టగానే గొట్టాలు తగిలించిన పసిపిల్లల్ని నేను చూశాను. ఏడవడానికి కూడా కండ ఉండదు వాళ్లకి.

"రా, సూప్ వడ్డిద్దాం," అని మోద్ నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది. తలుపు దగ్గరగా వేసింది. స్టవ్ మీద కుండ ఉడుకుతోంది. గిన్నెలు వరసగా పేరుస్తూ చిన్న గొంతుతో మొదలుపెట్టింది.

"నీకొక్కదానికే చెప్తున్నా ఒడీల్. క్లెమాన్‌కి కూడా చెప్పలేదు. నీకు థాంక్స్ చెప్పుకోవాలి నేను."

"నాకా? దేనికి?"

"మా అమ్మ ఎలా పోయిందో మీకు చెప్పలేదు ఎప్పుడూ. నిద్రలో గుండె ఆగింది, అది నిజమే. కానీ అంతకుముందు సీసా మూతలన్నీ నాతోనే తీయించేది. చెంచా పట్టుకుంటే వదల్లేకపోయేది. చలికి పట్టేస్తున్నాయే అనేది. జులైలో కూడా చలేనా? నేను చిన్నదాన్ని, నమ్మాను. పెద్దయ్యాక అర్థమైంది." గిన్నెలో సూప్ పోసింది. "అప్పట్నుంచీ ఒకటే భయం. క్లినిక్‌కి వెళ్దామని కారు పెట్టేచోటుదాకా వెళ్లి వెనక్కొచ్చేశా. వాళ్లు కవరు పంపిస్తారు కదా, దాన్ని చింపడం నావల్ల కాదు. క్లెమాన్ ఏమో పిల్లలు, పిల్లలు అని ప్రాణం తీస్తున్నాడు. ఏదో ఒకటి చెప్పి వాయిదా వేస్తున్నా. సరిగ్గా అప్పుడే నువ్వొచ్చి తొడ ముక్క ఇవ్వమన్నావు."

"ఫలితం చెప్పొద్దన్నావు కదే," అన్నాను.

"కాయితం మీద చెప్పొద్దన్నా. నువ్వున్నావుగా." నవ్వింది. "నీ నోట్లో నువ్వుగింజ నానదు, నీ మొహంలో అసలే నానదు. నా ముక్కలో ఏదైనా ఉంటే నువ్వు నా ఎదురుగా కూర్చుని సూప్ తాగగలవా? ఒక్క ఆదివారం కూడా ఆగలేవు. కవరు చింపలేను గానీ నీ మొహం చూడగలను అనుకున్నా. అందుకే ప్రతి వారం చూస్తూ కూర్చున్నా. నువ్వు నవ్వుతూనే ఉన్నావు. అయినా నమ్మకం చాల్లేదు, కారులో అడిగేశా. వెన్నలా తెగిందన్నావు." మూత పెడుతూ నా వైపు తిరిగింది. "ఆ వారమే మాత్రలు ఆపేశా."

కుండలో సూప్ కుతకుత ఉడుకుతూనే ఉంది. నియమం ప్రకారం ఆ రోజు కూడా నేను ఒక్క మాట చెప్పలేదు. నా మొహం మాత్రం ఇక నా మాట వినలేదు. బుగ్గలు జారిపోవడం నాకే తెలుస్తోంది. ఆపుదామనుకున్నాను, చేతకాలేదు.

మోద్ చూస్తూ ఉంది. నవ్వు మొదట కళ్లలోంచి పోయింది, పెదాల మీద ఇంకా కాసేపు ఉంది, తర్వాత అక్కడా పోయింది.

"ఎప్పట్నుంచి?" అంది.

"అక్టోబరు."

"కారులో అడక్కముందు."

"ముందే."

గరిటె ఇంకా ఆమె చేతిలోనే ఉంది. దాన్ని కింద పెట్టబోయింది. వేళ్లు విడిపోలేదు. తన చేతిని తనే చూసుకుంటూ నిలబడింది, అవి ఒక్కొక్కటీ వాటికి తోచినప్పుడు విడిపోయేదాకా. ఇదివరకు ఎన్నిసార్లు ఇలా అయిందో, ఎన్నిసార్లు చలి అనుకుందో. కాళ్లు పట్టుకుని క్షమించమని అడగాలనిపించింది. దేనికి క్షమించమనాలి, చెప్పనందుకా, నవ్వినందుకా?

"బిడ్డకి కూడా చూస్తారా? కడుపులో ఉండగానే?" అంది.

"చూస్తారు. ఇంకా టైముంది."

"మీ డాక్టర్ ఆదివారం ఫోన్ ఎత్తుతుందా?"

"నువ్వడిగావంటే ఎత్తుతుంది. నువ్వడిగితే చెప్పొచ్చు."

"అడుగుతున్నా," అంది మోద్. "ఇప్పుడడుగుతున్నా."

ముందుగదిలోంచి క్లెమాన్, "ఏమే, ఆ గింజలు ఇప్పుడు నాటుతున్నారా?" అని కేకేశాడు.

"వస్తున్నాం," అని మోద్ మామూలు గొంతుతో జవాబిచ్చింది. పళ్లెంలో గిన్నెలు సర్దుకుంది. రెండు చేతులతో పట్టుకుని, మోచేత్తో తలుపు తోయబోతూ ఆగింది.

"నువ్వు ఫోన్ చెయ్యి. నేను వడ్డించి వస్తా, మీ అమ్మ ఎదురుచూస్తోంది. నువ్వు మాత్రం ఇక్కడే ఉండు ఒడీల్. ఆ మొహంతో అక్కడికి రాకు."

నేను వంటింట్లో నిలబడి డాక్టర్ ఆర్వే నంబరు నొక్కాను. ఫోను మోగుతూ ఉండగా తలుపు అవతల గిన్నెలు పెడుతున్న చప్పుడు, మా తమ్ముడు ఏదో అనడం, మోద్ పకపకా నవ్వడం వినిపించాయి.